విద్యార్థి స్వభావము – వ్యాకరణ బోధనము

జలక్రీడలో రాణి తనపై నీరు చల్లవద్దనగా, ‘మా’, ‘ఉదకైః’ అను పదములు కలిసి ‘మోదకైః’ యైనదని ఎఱుగక శాతవాహనుడు కుడుములు తెప్పించిన కథ పాఠకులకు తెలిసినదే. కథాసరిత్సాగరమున ఇది విస్తరముగా ఉన్నది. వ్యాకరణము నేర్చుటకు అందఱికిని 12 సంవత్సరములు పట్టుననియు, తాను 6 సంవత్సరములలో నేర్పెదననియు గుణాఢ్యుడనెను. శర్వవర్మ 6 మాసములు చాలుననెను. కాతంత్రము అట్లు పుట్టినదని ప్రసిద్ధి.

దీనిని సాధారణముగా వేగమును గూర్చిన కథగా చెప్పుకొందుము. నాకు మాత్రము ఇందు శిష్యుని స్వభావమెఱిగిన గురువు కనబడును. రాజు ప్రౌఢుడు, అభిమానధనుడు, అవమానముతో కుమిలినవాడు. అట్టివానిని ఏండ్ల లెక్క మఱింత క్రుంగదీయును. కాతంత్రము సంధితో మొదలై, పిదప నామములకును ఆఖ్యాతములకును సాగును. రాజు జాఱిపడిన చోటనే పాఠము మొదలైనదన్నమాట! కథ చరిత్ర కాకపోవచ్చును. ఆ వరుస మాత్రము గ్రంథమున ఉన్నదే.

ఉత్తరరామచరితము ద్వితీయాంకమున ఆత్రేయి, గురువు ప్రాజ్ఞునకును జడునకును సమముగానే విద్య నొసగుననియు, ఫలభేదము మణికిని మట్టిగడ్డకును గల భేదము వంటిదనియు చెప్పును. భవభూతిపై గౌరవముతోనే విన్నవించుచున్నాను: మట్టి ప్రతిబింబమును గ్రహింపదు, నిజమే, కాని కుమ్మరి దానిని అద్దముగా వాడబోడు గదా.

మా తరగతిలో ఒక బాలుడున్నాడు. శబ్దమంజరి వల్లెవేయునపుడు అతని గొంతు వినబడదు. మందబుద్ధి యనిరి, తండ్రి చదువు మాన్పింపదలచెను. అతనికి రఘువంశ ద్వితీయసర్గ మిచ్చి, ఇంటివద్ద అన్వయము వ్రాసి తెమ్మంటిని. సింహము నెదుట దిలీపుడేమి చేయునో యను ఆతురతతో సర్గమంతయు ముగించి, అందలి విభక్తి రూపములను తానే పట్టికగా కూర్చుకొని వచ్చెను. తండ్రి ఈ సంవత్సరమునకు ఊరకుండెను.

అతని ప్రక్కనుండువాడు వాచాలుడు. అమరకోశము పదిమందిలో గడగడ చెప్పును. ఒంటరిగా ఘడియసేపు పుస్తకము పట్టలేడు. వానిని తప్పైనను ఒప్పైనను సంస్కృతమున మాటాడనిచ్చి, ముగిసిన పిమ్మటనే దిద్దుచున్నాను. నడుమ ఆపినచో వానికి ఉత్సాహము చచ్చును.

అట్లని వల్లెవేయుటను విడువరాదు. ఉచ్చారణము కాగితముపై నేర్వబడునది కాదు. మౌఖిక పరీక్షకు ఇంక రెండు మాసములున్నవి. మౌని దశ లకారములను తప్పులేక వ్రాయును, నా యెదుట చెప్పుమన్న తడబడును. అందుచే సాయంకాలములందు వారిద్దఱిని అరుగుపై కూర్చుండబెట్టుచున్నాను. వాచాలుడు అడుగును, మౌని చెప్పును. నేను లోపలి గదిలో కూర్చుండి, వారి కంటబడకుండ వినుచున్నాను.