రానని చెప్పే హక్కు

పని హక్కును గూర్చి నేను మొదట పుస్తకాల్లో చదివాను. దాని అర్థం మాత్రం పొదిలి దగ్గర మా మిరపచేలో, ఒక కూలిమనిషి నోట విన్నాను. ఆనాడు నేను ఆమె పక్షాన మాట్లాడలేదు. యీ వ్యాసం రాయటానికి కారణం అదే.

మాది మెట్ట. బోరు కింద రెండెకరాల మిరప, వాన మీద ఆధారపడ్డ కంది, కాస్త పొగాకు. మాకన్న పేదలు సంక్రాంతి దాటగానే మూటాముల్లె కట్టుకొని, పిల్లల్ని వెంటబెట్టుకొని, గుంటూరు, పల్నాటి మిరపకోతలకు తరలిపోయేవారు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు పరీక్షల వేళకు యే చేలోనో కాయలు కోస్తూ వుండేవారు. వూళ్లో మిగిలిన ఆడకూలీలు మా చేలకు వచ్చేవారు. కూలి యెంతో మా నాన్న గట్టు మీద నిలబడి చెప్పేవాడు, వాళ్లు వినేవారు. బేరమాడటమనేది లేదు. మా యింట్లో వాళ్లు తీసుకున్న చేబదులే ఆ బేరాన్ని ముందుగా ముగించేది.

2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ఆరంభమైంది; 2007లో మా ప్రకాశం జిల్లాకు వచ్చింది. గ్రామీణ కుటుంబం యేడాదికి 100 రోజుల పని అడగవచ్చు. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే ప్రభుత్వం నిరుద్యోగభృతి చెల్లించాలి. ఆడకూ మగకూ ఒకే రేటు. మా వాళ్లు పాత అలవాటుకొద్దీ దీన్ని కూడా ‘కరువుపని’ అనేవారు. కాని కరువుపని పెట్టేవాడి దయ. యిది అడిగేవాడి హక్కు. యీ భేదం మాకు తొందరలోనే తెలిసివచ్చింది.

ఒక చైత్రమాసంలో, మిరప చివరి కోతకు వచ్చినప్పుడు, నేను సెలవులకు ఇంట్లో వున్నాను. ముఠా పెద్దగా వుండే ఆమెను నాన్న అడిగాడు: “రేపు కోతకు యెంతమంది వస్తున్నారు?”

“రేపు రామయ్యా. చెరువులో పని పెట్టారు.”

“కాయ చెట్టు మీద యెండిపోతావుంటే రామంటే యెట్టా?”

“మందుకొట్టే మగోళ్లకిచ్చే కూలే మాకూ ఇయ్యి, వస్తాం. నువ్వు చదువుకున్నోడివి గదా అబ్బాయా, నువ్వు చెప్పు, మేమడిగింది తప్పా?”

వారం రోజుల ముందే నేను కళాశాలలో అదనపు విలువను గూర్చి గంటసేపు పాఠం చెప్పి వచ్చాను. “తర్వాత చూద్దాంలే” అన్నాను. ఆమె నా ముఖం ఒకసారి చూసి వెళ్లిపోయింది. “చూశావురా, గవర్నమెంటు కూలోళ్లను సోమరుల్ని చేసింది” అన్నాడు నాన్న. నేను దానికీ బదులు చెప్పలేదు.

మండుటెండలో కొలత ప్రకారం చెరువుమట్టి తవ్వటం సోమరితనమా? మారింది ఆమె ఒళ్లు కాదు. ఆమె ముందున్న దారి. అంతకు మునుపు ఒకటే దారి వుండేది, అది మా చేలోకి పోయేది. రెండో దారి యేర్పడగానే ఆమె ‘రాను’ అనగలిగింది. పని హక్కులోని సారమంతా నాకు యీ ‘రాను’లో వుందనిపిస్తుంది.

దీనివల్ల రాష్ట్రం ఆర్థికంగా చితికిపోతుందన్న వాదం వుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలిని స్మార్టుకార్డులతో సక్రమంగా చెల్లించటం మొదలయినప్పుడు, దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 1 కోటి 90 లక్షల గ్రామీణ జనం వున్న ప్రాంతంలో కొలిచారు. 2023లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, జాబ్ కార్డున్న కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి డబ్బు కాదు, బయటి సంపాదన! కూలిరేటు పెరిగినా బయట పని తగ్గలేదు, పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడ్డ వూళ్లలో మరీ పెరిగింది. చిన్న వ్యాపారాలు పెరిగాయి. తగ్గింది భూమి మీద రాబడి. అంటే సంపద నాశనం కాలేదు. కొంత చేయి మారింది. చేయి మారిన డబ్బు సంతలో బియ్యంగా, బట్టగా, పిల్లల పుస్తకంగా మళ్లీ తిరిగింది.

సన్నకారు రైతు గోడును నేను కొట్టిపారేయను. నేను ఆ యింటివాణ్ణే. కాని అతణ్ణి ముంచేది యెవరు? 2025లో గుంటూరు యార్డులో ధర కూలినప్పుడు కేంద్రం క్వింటాలు మిరపకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఆ పతనానికి కారణం కోతకూలీయా? ధర, వడ్డీ, కౌలు, పురుగుమందు—వీటిని నిలదీయలేని రైతు తనకన్న బలహీనురాలిని నిలదీస్తున్నాడు.

‘పని హక్కు’ అనే మాటకే రెండు ముఖాలున్నాయి. 1848లో పారిస్ కార్మికులు దాన్ని నినాదం చేసి జాతీయ కర్మశాలలు సాధించారు; జూన్‌లో వాటిని మూయబోగా తిరగబడి, తుపాకులకు బలయ్యారు. అమెరికాలో 1947 నాటి టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం అండతో అనేక రాష్ట్రాలు యిదే పేరుతో చట్టాలు చేశాయి. వాటిలో పని యిచ్చే పూచీ యేమీ లేదు. సంఘం సాధించిన ఒప్పంద ఫలం అందరికీ, దాని ఖర్చు మాత్రం యిష్టమున్నవాడికే! సంఘాన్ని బలహీనపరిస్తే ఫాక్టరీలు వస్తాయన్నదే అక్కడి ఆశ. మిషిగన్ 2012లో అటువంటి చట్టం చేసి 2023లో రద్దుచేసుకుంది. కనుక చట్టం పేరును కాదు, అది శ్రామికుడికి బేరమాడే బలం యిస్తుందా, తీస్తుందా అన్నదాన్ని చూడాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి చట్టం స్థానంలో మరొకటి తెచ్చింది. అందులో రోజులు 125 అయినాయి. సంతోషమే. కాని పూర్వం కేంద్రమే భరించిన కూలి ఖర్చులో మన వంటి రాష్ట్రాలు 40 శాతం మోయాలి. ఖజానా ఒట్టిపోయిన రాష్ట్రం పని అడిగేవాణ్ణి యే కళ్లతో చూస్తుంది? అంతేకాదు, విత్తే కాలంలో, కోతల కాలంలో మొత్తం 60 రోజులు యీ పనులు ఆపాలట. రైతుకు కూలీలు దొరకాలి కదా అన్నది అందుకు చెప్పే న్యాయం.

మా నాన్న ఆ యేడు రెండు రోజులు పట్టుబట్టి, మూడోరోజు ఆమె అడిగిన కూలే యిచ్చాడు. కోత ముగిసింది. మా సేద్యం కూలిపోలేదు. కూలిపోయింది గట్టు మీది ఆజ్ఞ ఒక్కటే. ఆ ఆజ్ఞకు యిప్పుడు 60 రోజుల గడువు యిచ్చి మళ్లీ ప్రాణం పోస్తున్నారు. ఆమె మళ్లీ నన్ను అడిగితే, ‘తర్వాత చూద్దాంలే’ అనటానికి నాకు యిక మొహం లేదు. ఆమె అడిగింది తప్పు కాదు.