రిమోట్ నేర్పిన పాఠం

‘అనుభవాన్ని మించిన గురువు లేదు’ అని పెద్దలు అంటారు. చిన్నప్పటి నుంచి వ్యాసరచన పోటీల్లో ఈ మాట ఎన్నోసార్లు రాశాం. బహుమతులుగా పెన్నులు, స్టీలు గ్లాసులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆ మాటకు అర్థం ఏమిటో మాకు తెలిసింది పోయిన ఏప్రిల్ నెలలో, ఒక ఫ్యాను రిమోట్ వల్ల. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు ఇంతకంటే పెద్ద విషయాలు చాలా గుర్తొచ్చాయి. అయినా ఇదే రాయాలనిపించింది. ఎందుకంటే ఇందులో మా తప్పు ఉంది.

మన హాస్టల్‌లో మాది ఏడో నంబరు గది. ఆరుగురం ఉంటాం. పీజీ వాళ్లం ఇద్దరం, డిగ్రీ వాళ్లు ముగ్గురు, అందరికంటే చిన్నది పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం చెల్లి. ఆరుగురికీ ఒకటే ఫ్యాను. హనుమకొండ ఎండలు తెలిసిన వాళ్లకు ఆ ఒక్క ఫ్యాను విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

మన పూర్వ విద్యార్థినులు తలా ఇంత వేసుకుని పోయిన సంవత్సరం గదులన్నింటికీ కొత్త ఫ్యాన్లు ఇచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. అవి బీఎల్‌డీసీ ఫ్యాన్లు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే ఇది 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద అర యూనిట్‌కు పైగా కరెంటు మిగులుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయిన తర్వాత ఇలాంటివి ఊళ్లల్లోకి కూడా వస్తున్నాయి. మా ఇళ్లల్లో మాత్రం ఇంకా గోడ మీద రెగ్యులేటర్ తిప్పే ఫ్యాన్లే. కాబట్టి మంచం మీద పడుకుని ఫ్యాను తగ్గించడం, పెంచడం మాకు మొదట్లో రాజభోగంలా అనిపించింది.

ఒక్క చిక్కు వచ్చింది. గోడ మీద ఉన్న రెగ్యులేటర్ అందరిదీ. చేతిలో ఉండే రిమోట్ ఒకరిదే అవుతుంది. మాకు తెలియకుండానే అది పీజీ వాళ్ల దిండు కిందికి చేరింది. చిన్నవాళ్లు గాలి కావాలంటే ‘అక్కా, కొంచెం పెంచరా’ అని అడగాల్సి వచ్చేది. అప్పుడు మాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఫ్యాను సరిగ్గా తిరగడం లేదు. కాసేపు మెల్లగా తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. రిమోట్ ఎంత నొక్కినా పలకడం లేదు. అందరం తలా ఒకసారి నొక్కాం. దగ్గరికి వెళ్లి నొక్కాం. మంచం ఎక్కి నొక్కాం. అరచేతి మీద రెండు దెబ్బలు కొట్టి నొక్కాం. లాభం లేదు. సాయంత్రానికి గది కొలిమిలా అయింది. అందరికీ పరీక్షల రోజులు.

‘సెల్లులు అయిపోయి ఉంటాయి’ అన్నారు ఒకరు. మూత తీసి చూస్తే రెండు చిన్న పెన్సిల్ సెల్లులు ఉన్నాయి. ‘పెట్టి మూడు నెలలు కూడా కాలేదు, అప్పుడే ఎట్లా అయిపోతాయి?’ అన్నారు ఇంకొకరు. అప్పుడు మాకు ఒక విషయం గుర్తొచ్చింది. వారం కిందట పాలిటెక్నిక్ చెల్లి తన క్యాలిక్యులేటర్‌లో సెల్లులు అయిపోయాయని చెప్పింది. అందులోనూ ఇవే సెల్లులు పడతాయి. ఇప్పుడు ఆమె క్యాలిక్యులేటర్ చక్కగా పనిచేస్తోంది. ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది. తన పాత సెల్లులు రిమోట్‌లో పెట్టి, రిమోట్‌వి తను తీసుకుంది!

ఎవరూ ‘దొంగ’ అన్న మాట అనలేదు. కానీ ఆరుగురున్న గదిలో ఐదుగురం ఒకవైపు నిలబడి ‘నీ క్యాలిక్యులేటర్‌లో సెల్లులు ఎక్కడివి?’ అని అడిగితే ఇంకేమని అర్థం? ఆ చెల్లి ఏమీ మాట్లాడలేదు. క్యాలిక్యులేటర్ వెనక మూత తీసింది. రెండు సెల్లులూ తీసి మా చేతిలో పెట్టింది. ‘ఇవి వేసి చూడండక్కా’ అంది.

వేసి చూశాం. ఫ్యాను పలకలేదు.

ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి భోజనానికి కిందికి రాలేదు. మేము మాత్రం పోయి తిన్నాం.

తిన్న తర్వాత మాకు మనసు ఊరుకోలేదు. మాలో ఇద్దరం ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. పరారుణ కిరణాల గురించి పది మార్కుల జవాబు రాసిన వాళ్లం. 1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ వాటిని ఎలా కనుక్కున్నాడో అడిగితే నిద్రలో కూడా చెప్పగలం. కానీ చేతిలో ఉన్న రిమోట్ పనిచేసేది ఆ కిరణాలతోనే అన్న ఆలోచన పొద్దున్నుంచి ఒక్కసారి కూడా రాలేదు. నేరం ఎవరిదో వెతికాం గాని కారణం ఏమిటో వెతకలేదు.

రిమోట్ ముందు భాగంలో గోధుమగింజంత ఎల్ఈడీ ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు అది పరారుణ కాంతిని చాలా వేగంగా వెలిగించి ఆర్పుతూ సంకేతం పంపుతుంది. అది మన కంటికి కనబడదు. కానీ ఫోన్ కెమెరాకు కనబడుతుంది. గదిలో లైటు ఆర్పి, ఫోన్ ముందు కెమెరా తెరిచి, ఆ ఎల్ఈడీని కెమెరా వైపు పెట్టి నొక్కాం. తెరమీద లేత ఊదా రంగులో మిణుకుమిణుకుమని వెలిగింది. పాత సెల్లులు వేసి నొక్కాం. అప్పుడూ వెలిగింది. అంటే పాత సెల్లులు అయిపోలేదు. ఎవరూ మార్చనూ లేదు.

ఇంకా నమ్మకం కుదరక రిమోట్ పట్టుకుని ఎనిమిదో నంబరు గదికి వెళ్లాం. వాళ్ల ఫ్యానూ అదే కంపెనీది, అదే మోడల్. తలుపు దగ్గర నిలబడి నొక్కగానే వాళ్ల ఫ్యాను ఆగిపోయింది. చదువుకుంటున్న వాళ్లంతా ఉలిక్కిపడి పైకి చూశారు. మా రిమోట్ బంగారంలా ఉంది. లోపం మా ఫ్యాను దగ్గరే.

వెనక్కి వచ్చి స్విచ్ ఆపి, బల్ల ఎక్కి, ఫ్యాను కింద సంకేతం అందుకునే చోట పేరుకున్న దుమ్ము పొడిగుడ్డతో తుడిచాం. అయిదు నిమిషాలు ఆగి స్విచ్ వేశాం. మార్పు లేదు. అప్పటికి పదకొండు దాటింది. ఆ చెల్లి నిద్రపోయినట్టే ఉంది. తప్పు మాదేనని తెలిసిపోయినా, లేపి ఆ ముక్క చెప్పడానికి మాకు ముఖం చెల్లలేదు. ‘రేపు చెబుదాంలే’ అనుకుని పడుకున్నాం.

పొద్దున్నే లేచేసరికి ఆమె లేదు. ఆ రోజు ఆమెకు పరీక్ష. బల్ల మీద చూస్తే ఆమె సెల్లులు రెండూ మా రిమోట్ పక్కనే ఉన్నాయి. సెల్లులు లేని క్యాలిక్యులేటర్‌తో పరీక్షకు బయల్దేరింది! అడగడానికి భయపడింది కాబోలు. చెప్పులు వేసుకున్నామో లేదో కూడా గుర్తులేదు, బస్టాపు దాకా పరుగెత్తాం. బస్సు ఎక్కబోతుంటే అందుకుని చేతిలో పెట్టాం. ‘పర్వాలేదక్కా’ అంది. అంతకంటే ఇంకేమీ అనలేదు. బస్సు వెళ్లిపోయింది.

పది గంటలకు నీళ్ల మోటారు బాగు చేయడానికి ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. పనిలో పనిగా మా గదికి తీసుకొచ్చాం. ఆయన ఫ్యాను వైపు చూడనే లేదు. నేరుగా తలుపు వెనక ఉన్న స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లి, దాని మీద వేలాడుతున్న చున్నీ పక్కకు జరిపాడు. ‘ఈ రెగ్యులేటర్ ఎవరు తిప్పిన్రమ్మా?’ అన్నాడు. అది రెండో నంబరు దగ్గర ఉంది.

దాన్ని చివరిదాకా తిప్పి, స్విచ్ ఆపి, కాసేపు ఆగి వేశాడు. ఫ్యాను ‘బీప్’ అంది. రిమోట్ నొక్కితే వెంటనే పలికింది. గది నిండా గాలి.

ఆయన చెప్పిన సంగతి ఇది. పాత ఫ్యానుకు రెగ్యులేటర్ కరెంటు తగ్గిస్తే వేగం తగ్గుతుంది, అంతే. బీఎల్‌డీసీ ఫ్యాను లోపల ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది ఏసీ కరెంటును డీసీగా మార్చుకుని మోటారును తనే నడుపుతుంది. రిమోట్ మాట వినేది కూడా ఆ బోర్డే. మధ్యలో రెగ్యులేటర్ అడ్డుపడితే దానికి సరైన కరెంటు అందదు. తిక్కతిక్కగా తిరుగుతుంది, రిమోట్‌కు పలకదు. అలాగే వదిలేస్తే బోర్డు కాలిపోవచ్చు. కొత్త ఫ్యాను బిగించినప్పుడే రెగ్యులేటర్ తీసి నేరుగా కనెక్షన్ ఇవ్వాల్సింది. బోర్డులో రంధ్రం కనబడుతుందని అలాగే వదిలేసినట్టున్నారు. ఆయన రెగ్యులేటర్ పీకేసి, వైర్లు నేరుగా కలిపి, ఖాళీ చోట ఒక ప్లేటు బిగించి వెళ్లాడు.

మరి ఆ రెగ్యులేటర్ తిప్పింది ఎవరు? అంతకు ముందు రోజు రాత్రి డిగ్రీ చెల్లి ఒకామెకు జ్వరం వచ్చి వణుకుతుంటే, రిమోట్ చీకట్లో దొరక్క, నిద్రమత్తులో ఇంటి దగ్గరి అలవాటు కొద్దీ చెయ్యి గోడ మీదికి వెళ్లింది. రెండు నంబర్లకు తిప్పి పడుకుంది. పొద్దున ఆ సంగతే మర్చిపోయింది. ఆ చెయ్యి ఈ వ్యాసం రాస్తున్న చెయ్యే.

సాయంత్రం ఆ చెల్లి రాగానే ఐదుగురం ఎదురెళ్లి జరిగిందంతా చెప్పి, ‘తప్పయింది, క్షమించు’ అన్నాం. అప్పుడు గాని ఆమె ఆ సెల్లులు ఎక్కడివో చెప్పలేదు. రెండు రోజులు కాలేజీ నుంచి నడిచి వచ్చి, ఆటో డబ్బులు మిగుల్చుకుని కొనుక్కుందట. అడిగిన రోజే ఎందుకు చెప్పలేదంటే, ‘చెబితే నమ్ముతరా అక్కా?’ అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి అమ్మకు చెప్పాం. అమ్మ పట్నంలో నాలుగు ఇళ్లల్లో పని చేస్తుంది. చదువు లేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది మాతోనే మొదలు. రిమోట్ ఎలా పనిచేస్తుందో, కెమెరాలో ఎలా కనిపెట్టామో గొప్పగా చెప్పుకుంటూ పోయాం. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. ‘ఆ పిల్ల ఆ రాత్రి తిన్నదా బిడ్డా?’

మా నోట మాట రాలేదు. అమ్మ పని చేసే ఇంట్లో ఒకసారి వెండి కుంకుమ భరిణె కనబడకపోతే ముందుగా అమ్మ సంచి దులిపి చూశారు. మరునాడు అది దేవుడి పీట కిందే దొరికింది. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. అప్పుడు మేము ఎనిమిదో తరగతి. పెద్దయ్యాక ఎవరినీ ఇలా అనుమానించకూడదని ఏడుస్తూ అనుకున్నాం. పదేళ్లు తిరక్కుండానే, రెండు పెన్సిల్ సెల్లుల కోసం, మనలాంటి ఇంటి నుంచే వచ్చిన పిల్లను మేమూ అదే చేశాం. డిగ్రీలు వచ్చినంత మాత్రాన మనిషి మారడని మాకు ఆ రోజు అర్థమైంది.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! మీ గదుల్లో కూడా ఇవే ఫ్యాన్లు ఉన్నాయి కాబట్టి మేము నేర్చుకున్నది మీకు చెప్పడం మా బాధ్యత. రిమోట్ పలకకపోతే ముందు ఫోన్ కెమెరాతో చూడండి. వెలుగు రాకపోతే సెల్లులు తీసి, ప్లస్ మైనస్ సరిచూసి పెట్టండి. స్ప్రింగుల మీద తెల్లటి పొడో, పచ్చటి చిలుమో ఉంటే పొడిగుడ్డతో తుడిచి, రబ్బరుతో రుద్దండి. కొత్త, పాత సెల్లులు కలిపి వేయకండి. సెలవులకు ఊరికి వెళ్లేటప్పుడు సెల్లులు తీసి పెట్టండి, లేదంటే కారిపోయి రిమోట్ పాడవుతుంది. వెలుగు వస్తుంటే లోపం ఫ్యాను వైపు ఉందన్నమాట. స్విచ్ ఆపి కాసేపు ఆగి వేయండి. స్విచ్ ఆపిన తర్వాతే దుమ్ము తుడవండి. గోడ మీద పాత రెగ్యులేటర్ ఉంటే దాని జోలికి పోకుండా ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. కొన్ని కంపెనీల రిమోట్లు పరారుణ కిరణాలతో కాకుండా రేడియో తరంగాలతో పనిచేస్తాయి. వాటికి కెమెరా పరీక్ష పనికిరాదు. ఒక్కోసారి ఫ్యానుకు, రిమోట్‌కు మళ్లీ జత కలపాల్సి ఉంటుంది. ఆ పద్ధతి ఫ్యానుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్ని పారేయకండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఏదైనా పనిచేయకపోతే పక్కనున్న మనిషి ముఖం చూడకండి, వస్తువును చూడండి.

ఇప్పుడు మా గదిలో రిమోట్ ఎవరి దిండు కిందా ఉండదు. తలుపు పక్కన మేకుకు దారం కట్టి వేలాడదీశాం. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. ఆ మేకు కొట్టింది పాలిటెక్నిక్ చెల్లే.

 

– ఎమ్మెస్సీ ఫిజిక్స్ ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, ఏడో నంబరు గది