వెయ్యి వెనక్కి, అరవై వేలు ముందుకి

కారు ఇన్సూరెన్స్ రెన్యువల్‌కొచ్చింది. రాత్రి భోంచేసి కూర్చుని నాలుగు చోట్ల రేట్లు చూశాను. ఒకచోట "వెయ్యి క్యాష్‌బ్యాక్" అని కనబడగానే వేలు బటన్ మీదికి పోయింది. మా ఆవిడ మాత్రం "ముందు ఐడీవీ ఎంతో చూడండి" అంది. చూస్తే బండికి కట్టిన ఆ బీమా విలువ పక్క పాలసీ కన్నా అరవై వేలు తక్కువ! అంటే రేపు బండి ఎవడైనా ఎత్తుకుపోతే చేతికొచ్చేది అంత తగ్గుతుందన్నమాట. పైగా ఆ వెయ్యి పడేది వాళ్ల వాలెట్‌లోనే.

ఇక రేట్ల సంగతి. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేదే. 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022 జూన్‌లో పెట్టింది 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. ఏ కంపెనీకి వెళ్లినా అంతే. బేరమంతా ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి కట్టే ప్రీమియంలోనే. క్లెయిమ్ లేకుండా వరసగా ఐదేళ్లు గడిస్తే అందులో 50 శాతం నో క్లెయిమ్ బోనస్. కంపెనీ మారినా అది మనతోనే వస్తుంది. పాలసీ ముగిశాక 90 రోజులు దాటనిస్తే మాత్రం గోవిందా!

ముందు ఐడీవీ సమానంగా పెట్టి రేట్లు పోల్చండి. క్యాష్‌బ్యాక్ సంగతి ఆఖర్న చూడొచ్చు.