మంచు లేని ఊళ్లో ఐస్ హాకీ

2024 జూన్‌లో మా అమ్మాయి స్కేట్లు అటక మీద పెట్టింది నేనే. తను ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. ఫౌండేషన్ క్లాసులు మొదలయ్యాయి. ఆదివారం పొద్దున స్కేటింగూ, వారం పరీక్షా ఒకే వేళకు పడ్డాయి. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి మాట ఒకసారైనా నడిచే ఉంటుంది కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. "టెన్త్ అయినంక ఆడుకుందువులే" అన్నాను. తను ఏడవలేదు, అలగలేదు. ఒక్కటే అడిగింది. "అప్పుడు ఐస్ హాకీ నేర్చుకుంటనంటే పంపుతవా అమ్మా?"

నాకు నవ్వొచ్చింది. పాలమూరులో ఐస్ హాకీ! మా పిల్ల చూసిన మంచంతా స్కూల్ టూర్‌లో హైదరాబాద్ స్నో వరల్డ్‌లో చూసిందే. "మన దగ్గర మంచెక్కడిదే?" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ మాట అన్నందుకు ఏడాది తర్వాత సిగ్గుపడ్డాను. ఎందుకంటే నేను ఐసు మధ్యనే పెరిగాను.

మా పుట్టిల్లు నల్లగొండ. మా నాయన ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసేవాడు. మే నెలలో రోడ్డు మీద తారు కరుగుతుంటే, ఆ షెడ్డు లోపల మాత్రం నిలువెత్తు ఐసు దిమ్మలు వరుసగా తయారయ్యేవి. పెద్ద ట్యాంకులో ఉప్పునీళ్లు, అమ్మోనియా యంత్రంతో వాటిని సున్నాకు బాగా దిగువకు చల్లార్చేవాళ్లు. ఉప్పు కలిసిన నీళ్లు అంత చలికి కూడా గడ్డకట్టవు. కానీ వాటిలో ముంచి ఉంచిన రేకు డబ్బాల్లోని మంచినీళ్లు గడ్డకడతాయి. డబ్బాను గొలుసుతో పైకి లాగి ఒక్కసారి మామూలు నీళ్లలో ముంచితే దిమ్మ జారి బయటికొచ్చేది. దాన్ని ఊకలో దొర్లించి, గోనె సంచి కప్పి, చేపల వ్యాపారులకో, సోడా బండ్లకో, పెళ్లి ఇళ్లకో పంపేవాళ్లు. నాయన ఇంటికొస్తే ఆయన చొక్కా అమ్మోనియా వాసన వేసేది. ఐసు ఆకాశం నుంచి రాదు, కరెంటూ ఉప్పూ మనిషీ ఉంటే వస్తుందని నాకు ఆరేళ్లకే తెలుసు. అయినా కూతురికి ఆ సంగతి చెప్పలేదు.

2025 జూన్ మొదటి వారంలో మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు యూఏఈలోని అల్ ఐన్‌లో ఏసీ టెక్నీషియన్. "అక్కా, ఈడ మన దేశం ఆడపిల్లలు ఐస్ హాకీ ఆడుతున్నరు. కోడలికి చెప్పు." నేను నమ్మలేదు. చూస్తే నిజమే. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య మహిళల ఆసియా కప్పు ఆ ఊళ్లోనే జరిగింది. చుట్టూ ఎడారి, నల్లగొండ వేసవిని మరిపించే ఎండ. అక్కడ మన అమ్మాయిల జట్టు కాంస్యం గెలిచింది. జట్టులో ఎక్కువమంది లడఖ్ వాళ్లు.

రింకు ఎలా పనిచేస్తుందో తమ్ముడు వీడియో కాల్‌లో మా అమ్మాయికి చెబుతుంటే పక్కన కూర్చుని విన్నాను. కాంక్రీటు నేల లోపల పైపులుంటాయి. వాటిలో బాగా చల్లార్చిన ఉప్పునీళ్లో, గ్లైకాల్ కలిపిన నీళ్లో తిరుగుతూ ఉంటాయి. పైన సన్నగా నీళ్లు చల్లి, గడ్డకట్టాక మళ్లీ చల్లి, పొర మీద పొర వేస్తారు. మొత్తం కలిపి మూడు నాలుగు సెంటీమీటర్ల మందమే. పొడవు 60 మీటర్లు. "తాత ట్యాంకును నేల మీద పరిచినట్టుంటదే" అన్నాడు వాడు. పిల్ల నా వైపు తిరిగి చూసింది. నేను ఏం మాట్లాడలేదు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఈ ఆట ఆసియాలో ఎలా నడుస్తుందో చదివాం. ఫుట్‌బాల్‌కు ఉన్నట్టు ఐస్ హాకీకి విడిగా ఆసియా సమాఖ్య లేదు. 1908లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ సమాఖ్యే నేరుగా చూసుకుంటుంది. జపాన్ 1930లోనే అందులో చేరింది. జపాన్, కజకిస్తాన్, దక్షిణ కొరియా, చైనా ప్రపంచ పోటీల మెట్లలో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. 1986లో సప్పోరోలో మొదలైన ఆసియా శీతాకాల క్రీడల్లోనూ పెద్దరికం వాళ్లదే. మరి థాయ్‌లాండ్, మలేసియా, కువైట్ లాంటి ఉక్కపోత దేశాలు వాళ్లతో ఆడితే గోల్స్ లెక్కపెట్టుకోవడమే మిగులుతుంది కదా? అందుకే 2008లో సమస్థాయి దేశాల కోసం ఛాలెంజ్ కప్ ఆఫ్ ఆసియా అని వేరే పోటీ పెట్టారు. మొదటిది హాంకాంగ్‌లో, రెండోది అబూధాబిలో. ఈ కొత్తగా మొదలుపెట్టిన దేశాల్లో చాలావాటికి రింకు అంటే షాపింగ్ మాల్‌లో ఒక మూల. ఆట నిలబడింది మాత్రం ఓడినా మళ్లీ ఏడాదికి ఇంకో మ్యాచ్ ఉందన్న భరోసా మీదే.

మన సంగతి ఇంకా విచిత్రం. సిమ్లాలో సహజంగా గడ్డకట్టే మంచు మీద 1920 నుంచే స్కేటింగ్ రింకు ఉంది. 1989లో భారత్ అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యురాలైంది. మన జట్టు మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2009లో, అబూధాబిలో. అంటే పేరు రాయించుకున్న ఇరవై ఏళ్లకు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం పెద్ద రింకు కట్టారు, మరుసటి ఏడాది ఛాలెంజ్ కప్ మ్యాచ్‌లు కూడా ఆడించారు, తర్వాత ఏళ్ల తరబడి మూసేశారు. మళ్లీ తెరిచింది 2025లోనే. 2015లో మగవాళ్ల జట్టు కువైట్ వెళ్లడానికి జనం దగ్గర ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేయాల్సి వచ్చింది.

లడఖ్‌లో చెరువులు గడ్డకట్టేది చలికాలంలో రెండు నెలలు. అక్కడివాళ్లు సైనికుల పాత బూట్లకు ఇనుప పట్టీలు బిగించి ఆడిన రోజులున్నాయి. మగపిల్లల ఆట అయ్యాకే ఆడపిల్లల వంతు. ఆ అమ్మాయిలు 2016లో తైపీలో మొదటిసారి దేశం తరఫున ఆడి చిత్తుగా ఓడారు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3తో మొదటి గెలుపు. ఎనిమిదేళ్ల తర్వాత అల్ ఐన్‌లో కాంస్యం. ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మాయి చదవడం ఆపి, "మధ్యల ఎనిమిదేండ్లు వాళ్లమ్మలు ఏమన్నరో" అంది. నన్ను అనాలని అనలేదు. నాకు తగిలింది.

తెలంగాణలో ఐస్ హాకీ ఆడదగ్గ రింకు నేను చూడలేదు. కానీ చక్రాల మీద నేర్చినవాళ్లు మంచు మీదికి వెళ్లగలరు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ స్కేటింగ్‌లో బంగారు పతకం తెచ్చిన నయనశ్రీ తాళ్లూరి మన తెలంగాణ అమ్మాయే. రోలర్ స్కేటింగ్‌లో హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచి, తర్వాత అర్జున అవార్డు అందుకున్నాడు. ఇక ఇన్‌లైన్ హాకీ అని ఒకటుంది, ఐస్ హాకీకి చెల్లెలు లాంటిది. చక్రాల బూట్లు, అదే రకం కర్ర, బంతి బదులు చదునైన పక్. నున్నటి గచ్చు చాలు.

ఇదంతా విని మీరు నన్ను అపార్థం చేసుకోకండి. నేను ఫౌండేషన్ క్లాసు మాన్పించలేదు. మాన్పించను కూడా. ఆ ఇంట్లో నాయన జీతం మీద చదువుకుని బ్యాంకులో కొలువు తెచ్చుకున్నదాన్ని, చదువు విలువ నాకు ఒకరు చెప్పాలా? కాకపోతే ఇంచార్జి మేడమ్‌ను అడిగితే ఆదివారం పరీక్షను తొమ్మిదింటికి రాసే రెండో బ్యాచ్ కూడా ఉందని తెలిసింది. అంతకుముందు ఏడాది ఆ ఒక్క ప్రశ్న నేను అడగనేలేదు. ఏడాది పోయింది అందుకే, మంచు లేక కాదు.

ఆ సాయంత్రం స్టూలు వేసుకుని అటక మీది నుంచి స్కేట్లు దించాను. దుమ్ము తుడిచి ఇచ్చాను. పిల్ల కాలు పెట్టింది, మడమ దగ్గర ఆగిపోయింది. సాక్సు తీసేసి మళ్లీ ప్రయత్నించింది. ఎక్కలేదు. ఏడాదిలో పాదం రెండు సైజులు పెరిగింది. "పోనీలే అమ్మా" అంది. ఆ మాట నా "టెన్త్ అయినంక" కంటే మెత్తగా ఉంది, అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తెల్లకాగితం మీద పాదం పెట్టించి పెన్సిల్‌తో గీత గీసి, ఫొటో తీసి తమ్ముడికి పంపాను. దసరాకు వచ్చేటప్పుడు కొత్త జత తెచ్చాడు.

పాత జత కింది తరగతి పాప ఒకరికి సరిపోయింది. ఇప్పుడు వ్యాయామం సారు అనుమతితో ఆదివారం ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకు బడి బాస్కెట్‌బాల్ కోర్టులో పిల్లలు ఆడుతున్నారు. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు లేకుండా సారు లోపలికి రానివ్వరు. పక్ బదులు ప్రస్తుతానికి మందపాటి రబ్బరు బిళ్లతో కానిస్తున్నారు. ఇన్‌లైన్ హాకీలో ఒక్కో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు ఉండాలి. రెండు జట్లకు పదిమంది. మా దగ్గర ఏడుగురే ఉన్నారు. మీ ఇంట్లో అటక మీద స్కేట్లుంటే ఒకసారి దించి, ముందు సైజు చూడండి.