నేను మాన్పించిన సైగలు

ముప్పయ్యేళ్ళ కిందట ఒక తల్లి తన మూడేళ్ళ బాబును నా దగ్గరకు తీసుకువచ్చింది. వెనకాల పళ్ళెం పడినా తిరిగి చూడడనీ, లారీ హారనుకు కూడా నిద్రలేవడనీ చెప్పింది. అంతకు ముందు ఏడాది కూడా ఆమె వచ్చింది. అప్పుడు నేను పరీక్ష రాయలేదు. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, కంగారుపడకమ్మా" అని పంపించాను.

ఈసారి చేయించిన బెరా పరీక్షలో రెండు చెవులకూ తీవ్రమైన పుట్టుచెవుడని తేలింది. చెవి మిషను పెట్టించాము. ఆ ఇంట్లో వాళ్ళు సొంతంగా కల్పించుకున్న సైగలు కొన్ని ఉండేవి. నీళ్ళకు ఒకటి, అన్నానికి ఒకటి, తాతకైతే మీసం మెలివేసినట్లు. "ఇవి మాన్పించండి, చేతులకు అలవాటుపడితే నోరు పెగలదు" అని గట్టిగా చెప్పాను. మాకు నేర్పినది అదే. ఆమె నా మాట విన్నది.

ఆ సలహా ఎక్కడ తప్పిందో తెలియాలంటే మెదడులోని శ్వేత పదార్థం గురించి కొంత చెప్పాలి. మెదడులో ఒక ప్రాంతాన్ని మరొక ప్రాంతంతో కలిపే నాడీ తంతువుల కట్టలే శ్వేత పదార్థం. ఈ తంతువుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు ఏర్పడుతుంది. తెల్లదనం దానిదే. మన శరీరంలో తొడుగు లేని సన్నని నాడీ తంతువులో సంకేతం సెకనుకు సుమారు 1 మీటరు నడిస్తే, తొడుగు ఉన్న మందపాటి తంతువులో 100 మీటర్ల దాకా పరుగెత్తగలదు. చెవి నుండి మెదడు కాండం చేరే దారికి ఈ తొడుగు తల్లి కడుపులోనే మొదలవుతుంది. భాషకు సంబంధించిన దారులు మాత్రం ఏళ్ళ తరబడి, వాడకాన్ని బట్టి, ముదురుతాయి.

పుట్టుచెవుడు ఉన్నవారిలో వినికిడి ప్రాంతపు శ్వేత పదార్థం తక్కువగా ఉంటుందని స్కానింగులు చూపాయి. శబ్దమే చేరనప్పుడు అందులో వింత లేదు. నన్ను నిలవేసినది మరొకటి. ఎడమవైపు, వినికిడి ప్రాంతం నుండి నుదుటి వైపుకు విల్లులా వంగి వెళ్ళే ఒక కట్ట ఉంది. భాషకు అది రాచబాట. కాలిఫోర్నియా పరిశోధకులు 2019లో దానిని పరిశీలించారు. చెవిటి తల్లిదండ్రుల ఒడిలోనే సంజ్ఞా భాష నేర్చిన పుట్టుచెవిటివారిలో ఆ దారి వినగలిగినవారి దారిలాగే ఉంది. బాల్యమంతా ఏ భాషా లేకుండా పెరిగినవారిలో అది బలహీనంగా కనిపించింది. ఈ రెండో వర్గంలో ఉన్నది ముగ్గురే గనుక తొందరపడి తీర్పు చెప్పరాదు. అయినా ఆ దారి ఎదురుచూసేది శబ్దం కోసం కాదు, భాష కోసమని నాకు అర్థమైంది. నోటి నుండి వచ్చినా, చేతుల నుండి వచ్చినా దానికి ఒకటే.

కాక్లియర్ ఇంప్లాంట్‌ను నేను తక్కువ చేయడం లేదు. మూడున్నరేళ్ళలోపు అమర్చితే మెదడులోని వినికిడి స్పందన చక్కగా పుంజుకుంటుంది, ఏడేళ్ళు దాటితే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. కానీ ఆపరేషను జరిగి, మాట పట్టుబడేదాకా బిడ్డను ఏ భాషా లేకుండా ఉంచడం నాకు సమ్మతం కాదు. ఇంటి సైగలు పూర్తి భాష కావు. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన వ్యాకరణం ఉంది, తల్లిదండ్రులు కూడా నేర్చుకోవచ్చు. నిద్రపోతున్న పసికందుకు కొద్ది నిమిషాలలో చేసే ఓఏఈ పరీక్షను నెల నిండేలోపు అడిగి చేయించండి. మేనరికం ఉన్న ఇళ్ళలో అసలు మరువవద్దు. లోపముంటే మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలుకావాలి.

పదేళ్ళ తరువాత ఆ తల్లీకొడుకులు బజారులో కనిపించారు. అబ్బాయి బధిరుల పాఠశాల హాస్టలులో చేరి, తోటివారి దగ్గర సంజ్ఞా భాష నేర్చుకున్నాడట. చేతులు చకచకా ఆడుతున్నాయి. తల్లి వాటిని చూస్తూ నిలబడింది.

"సెలవులకొస్తే ఏదో చెప్పాలని చూస్తాడండీ డాక్టరుగారూ, నాకు తెలియదు. మీరు వద్దన్నారు కదా, అప్పుడే మానేశాం."

నిష్ఠూరం లేదు, ఉన్నమాట అన్నది. తాతను మాత్రం వాడు ఇప్పటికీ మీసం మెలివేసే పిలుస్తాడట.