జయపురం నుంచి విశాఖకు ఎంత దూరం?

మా ఊళ్ళో ఈ ప్రశ్న ఎవరినడిగినా కిలోమీటర్లలో చెప్పరు, గంటల్లో చెబుతారు. బస్సయితే సుంకి ఘాటు దిగి సాలూరు, విజయనగరం మీదుగా ఆరేడు గంటలు. రైలయితే కోరాపుట్, అరకు మీదుగా సొరంగాల్లో దూరుతూ ఇంచుమించు అంతే.

2022లో ఉడాన్ పథకం కింద మా జయపురం నుంచి చిన్న విమానం మొదలైంది. ఒకవైపు భువనేశ్వరం, మరోవైపు విశాఖ. తొమ్మిది మంది పట్టే ఒంటి ఇంజను సెస్నా. బ్యాంకువాడికి లెక్క చూడందే నిద్రపట్టదు కదా! అట్లాసు తీశాను. రెండు విమానాశ్రయాల అక్షాంశాల తేడా సుమారు 1.16 డిగ్రీలు, అంటే 129 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.67 డిగ్రీలు, అంటే 71. హైస్కూల్లో నేర్చిన కర్ణం సూత్రం వేస్తే 147 వచ్చింది. రోడ్డు మీద మాత్రం అది రెండువందలు దాటుతుంది. తరుగుదలకు సరళరేఖ పద్ధతి ఉందని బి.కాం.లో చదివాను గాని, తూర్పు కనుమలు ఆ పద్ధతిని ఒప్పుకోవు.

ఆ విమానం వేగం గంటకు మూడువందల కిలోమీటర్ల పైమాటే. లెక్కప్రకారం అరగంట చాలు. కాని నేలమీద నడవాలి, కొండలు దాటేంత ఎత్తుకెక్కాలి, దిగేటప్పుడు రన్‌వేకి ఎదురుగా తిరగాలి. మనం ముందుగా వెళ్ళి కూర్చోవాలి. ఇదంతా కామర్సు భాషలో స్థిర వ్యయం. ప్రయాణం 150 కిలోమీటర్లయినా 1,500 అయినా ఇది తప్పదు. దగ్గరి ఊళ్ళకు విమానం గిట్టుబాటు కాకపోవడానికి ఇదొక కారణం. అందుకే ఉడాన్‌లో కొన్ని సీట్లకు ధర పరిమితి పెట్టి, లోటును ప్రభుత్వం భర్తీ చేస్తుంది.

ఈ లెక్క నాకు ఊసుపోక కాదు. మా అమ్మకు ఎనభై రెండేళ్ళు, గుండె జబ్బు. డాక్టరు విశాఖలో ఉన్నాడు, తమ్ముడూ అక్కడే. "అంత దూరాన ఎందుకన్నయ్యా, అమ్మను ఇక్కడికి తెచ్చెయ్" అంటాడు. విమానం వచ్చిందిగా అని నేను.

మా మాటలు విని అమ్మ అంది: "ఏడాదికి రెండుసార్లు డాక్టరుకి చూపించుకోడానికి, తక్కిన మూడువందల అరవైమూడు రోజులూ నేను పరాయి ఊళ్ళో ఉండాలిట్రా?"

నాలుగు తరాలుగా మేమిక్కడే. ఈ ఊరు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోదే. 1936లో ఒరిస్సాలో కలిసింది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే. ఇక్కడివాళ్ళకి విశాఖ ఎన్నడూ పరాయిది కాదు. అయినా ఆవిడ పెరడు, ఆవిడతో సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడే ఇరుగుపొరుగు అక్కడ లేరు.

అమ్మ మాటే నెగ్గింది. తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాడి భయమూ న్యాయమే. మబ్బు కమ్మితే చిన్న విమానం ఆగిపోతుంది, అర్ధరాత్రి నొప్పి వస్తే అసలే ఉండదు. అప్పుడు మాకు మిగిలేది ఘాటు రోడ్డే. అందుకని అమ్మ మంచం పక్కన మాత్రల డబ్బా, నా ఫోనులో ఆ రోడ్డు కొట్టినపిండయిన డ్రైవరు నంబరూ ఉంచాను.