అమ్మ చేతి సంచి

నా ఫోన్ గ్యాలరీలో అమ్మ ఫొటోలు చాలానే ఉన్నాయి. అన్నింట్లోనూ ఒకటే పోజు. పొట్టకు అడ్డంగా చేతి సంచి, లేదంటే చుట్టూ తిప్పుకున్న కొంగు. 'నవ్వమ్మా' అనేవాణ్నే తప్ప, ఆ సంచి ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

9 ఏళ్ల కిందట అమ్మకు పొట్ట కోసి గర్భసంచి తీసేశారు. రెండేళ్లకు ఆ కుట్ల దగ్గర చిన్న ఉబ్బు. పడుకుంటే పోయేది, నిలబడితే వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. పొట్ట పెరిగిందనుకుని నేనేమో అమ్మ ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ వేసిచ్చా. పాపం, రోజూ నడిచేది.

పోయిన చలికాలం దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట అదిమిపట్టుకోవడం చూసి ఆసుపత్రికి తీసుకెళ్లా. స్కాన్‌లో తెలిసింది... పాత కోత దగ్గర కండరాల మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ. అందులోంచి పేగు ముందుకొస్తోంది. 'ఇది హెర్నియా. నడిస్తే తగ్గేది కాదు' అన్నారు డాక్టర్. ఆ యాప్ గుర్తొచ్చి తలదించుకున్నా.

'మళ్లీ పొట్ట కోస్తారా?' అమ్మ భయం అదే. అక్కర్లేదన్నారు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాస్‌తో పొట్ట ఉబ్బించి, కెమెరాలో చూస్తూ కండరాల్ని దగ్గరకు తెచ్చి కుడతారట. మళ్లీ విడిపోకుండా మెష్ అనే వల అమరుస్తారట. లోపల పేగులు బాగా అతుక్కుపోయి ఉంటే మాత్రం కోయాల్సి రావచ్చని ముందే చెప్పారు. షుగర్ అదుపులోకి తెచ్చుకోవడానికే మాకు రెండు నెలలు పట్టింది.

కోయకుండానే పనైపోయింది. మర్నాడే నడిపించారు. పొట్టకన్నా భుజం నొప్పెడుతోందంది అమ్మ. ఆ గ్యాస్ వల్లేనట, రెండ్రోజుల్లో తగ్గింది. కొన్ని వారాలు బరువులెత్తొద్దన్నారు. బియ్యం బస్తా, నీళ్ల బిందె ఇప్పుడు నా డ్యూటీ.

'ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?' అనడిగా.

'మీ పరీక్షలు, మీ ఉద్యోగాలు... మధ్యలో నా పొట్ట గోల ఎందుకని!'

ఆ ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పీ వాంతులూ మొదలైతే పేగు ఇరుక్కుందేమోనని వెంటనే పరిగెత్తాలి. ప్రాణం మీదికి రావచ్చు. మాకు అంతదాకా రాలేదు. ఓసారి మీ గ్యాలరీ కూడా తెరిచి చూడండి.

మొన్న పెళ్లిలో ఫొటో తీయబోతుంటే అమ్మ సంచి నా చేతిలో పెట్టింది.

'ఇది నువ్వు పట్టుకో. ఈసారి చీర మొత్తం పడాలి!'